పలుచని ఉక్కు గోడ ఎప్పుడు నలుగుతుంది? ఒక లెక్క చరిత్ర

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల విద్యార్థులకు ధాన్యం నిల్వ కొత్త విషయం కాదు. పూర్వం రైతులు వరిగడ్డి వెంటితో పురి కట్టేవారు, లేదా వెదురు గాదెలో పోసేవారు. ఆధునిక పద్ధతిలో ఉక్కు రేకు సైలోలు ఆ పని చేస్తాయి. ఒక సైలో వ్యాసార్థం 3 మీటర్లు, రేకు మందం 2 మిల్లీమీటర్లు అనుకోండి. మందం వ్యాసార్థంలో 1500వ వంతు. ఆ నిష్పత్తిలో చూస్తే కోడిగుడ్డు పెంకు కూడా దీనికంటే ఎంతో దళసరి.

ఇంత పలుచని గోడ, ఉక్కు బలం పూర్తిగా ఖర్చు కాకముందే, ఒక్కసారిగా సొట్టలుపడి మడతపడవచ్చు. దీన్ని బక్లింగ్ అంటారు. అది ఏ భారం దగ్గర జరుగుతుందో ముందే చెప్పడం ఎలా?

1. గోడపై భారం

తొట్టిలో నీరు గోడను పక్కకు మాత్రమే నెడుతుంది. ధాన్యం అలా కాదు. గింజలు గోడను రాసుకుంటూ తమ బరువులో కొంత దానిపై మోపుతాయి. 1895లో జర్మన్ ఇంజనీరు యాన్సెన్ దీనికి సూత్రం ఇచ్చాడు. అందుకే సైలో గోడ నిలువునా సంపీడనానికి లోనవుతుంది.

2. తొలి సూత్రం

స్తంభాల బక్లింగ్‌ను ఆయిలర్ 1744లో లెక్కకట్టాడు. పలుచని స్తూపాకార గోడల లెక్కను 1908-1914 మధ్య లోరెంజ్, టిమోషెంకో, సౌత్‌వెల్ సాధించారు:

సందిగ్ధ ప్రతిబలం = 0.605 × యంగ్ గుణకం × మందం ÷ వ్యాసార్థం

ఉక్కు యంగ్ గుణకం సుమారు 2,00,000 మెగాపాస్కళ్లు. కాబట్టి మన సైలోకు వచ్చే విలువ సుమారు 80 మెగాపాస్కళ్లు.

3. సూత్రానికీ పరీక్షకూ తేడా

విమానాల కోసం 1930లలో పలుచని గొట్టాలను పరీక్షించినప్పుడు, అవి సూత్రం చెప్పినదానికంటే చాలా తక్కువ భారానికే నలిగాయి. ఒకేలా తయారైన గొట్టాలు కూడా వేర్వేరు భారాల దగ్గర నలిగాయి. తయారీలో మిగిలే సన్నని సొట్టల వైపు 1934లో డానెల్ వేలు చూపాడు. నలగడం మొదలైన గొట్టం మోయగల భారం ఒక్కసారిగా పడిపోతుందని 1941లో కార్మన్, సియెన్ వివరించారు. రేకు మందంలో కొద్దిపాటి వంతు సొట్ట కూడా బలాన్ని ఎంతగా తగ్గిస్తుందో 1945లో కోయిటర్ సిద్ధాంతపరంగా నిరూపించాడు. ఆ గ్రంథం డచ్ భాషలో ఉన్నందున, 1960ల దాకా దానికి తగిన ప్రచారం రాలేదు.

4. జాగ్రత్త గుణకం

రాకెట్ల కోసం నాసా 1965లో, పాత పరీక్షల ఫలితాలన్నిటి కింది అంచును పట్టుకొని ఒక తగ్గింపు నియమం ప్రచురించింది. దాన్ని మన సైలోకు వర్తింపజేస్తే 80లో సుమారు 18 శాతమే, అంటే 14 మెగాపాస్కళ్లే మిగులుతాయి. సూత్రాన్ని మాత్రమే నమ్మినవారు గోడపై అయిదు రెట్లకు పైగా భారం పెట్టినట్లే.

లోపలి ధాన్యం గోడకు కొంత ఆసరా ఇస్తుంది. ఖాళీ సైలోకు ఆ ఆసరా లేదు. కొల్లేరు వంటి చదును నేల మీద తుపాను గాలి అడ్డులేకుండా వీస్తుంది. అప్పుడు గాలి తగిలే వైపు గోడ లోపలికి నొక్కుకుపోయే ప్రమాదం ఎక్కువ.

ఈ చరిత్ర నుంచి మీరు గ్రహించవలసింది ఇది: సూత్రం నున్నని గోడకు చెబుతుంది, మనం కట్టేది సొట్టలున్న గోడ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై సైలోలో రేకు మందం 4 మిల్లీమీటర్లయితే, తొలి సూత్రం ప్రకారం సందిగ్ధ ప్రతిబలం ఎంత?