హ్యాండిక్యాప్: టోపీలో పుట్టిన మాట

గోల్ఫ్ ఆటగాళ్ల నోట నానే ఈ మాట ఇంగ్లండులో ఒక పాత వస్తుమార్పిడి ఆటలో పుట్టింది. ఇద్దరు వస్తువులు మార్చుకోబోతే, ఎవరు ఎంత కలిపివ్వాలో మధ్యవర్తి చెప్పేవాడు. టోపీలో చేతులు పెట్టి తీసేవారు. ఆ చేతుల్ని బట్టి బేరం కుదిరిందో లేదో తేలేది. 18వ శతాబ్దంలో మాట గుర్రప్పందేలకు పాకింది: మేలైన గుర్రానికి ఎక్కువ బరువు.

2020లో గోల్ఫ్‌కు వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఆ మధ్యవర్తి పని సూత్రం చేస్తోంది. కోర్సు రేటింగ్ (మేటి ఆటగాడికి పట్టే దెబ్బలు) 71, స్లోప్ (మామూలు ఆటగాడికి మైదానం అదనంగా ఎంత కష్టమో చెప్పే అంకె) 120 ఉన్నచోట 95 కొట్టారనుకోండి. తేడా 24. దాన్ని ప్రామాణిక స్లోప్ అయిన 113తో హెచ్చవేసి 120తో భాగిస్తే 22.6. ఇలాంటి చివరి 20 అంకెల్లో అతి తక్కువ ఉన్న 8 ఏరి సగటు కడతారు; అదే హ్యాండిక్యాప్. ఆ ఏరడమే నాకు బాగా నచ్చింది, ఆటగాడి సత్తాకు విలువ కట్టినట్టుంటుంది. అందుకే హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడే రోజులు కొన్నే ఉంటాయి.