తలపై బరువు: సురభి తాళ్ల నుంచి సైబరాబాద్ ట్రస్సుల దాకా

తెలుగు నాటకరంగంలో వేదిక పైన బరువులు వేలాడదీసే విద్య హైదరాబాద్ ఐటీ కారిడార్ కంటే ఒక శతాబ్దం పాతది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సంప్రదాయపు వారసులు హైటెక్ సిటీకి చేరువలోని శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పరచుకుని, నారదుణ్ణి ఆకాశం నుంచి దించడానికీ, చిత్రించిన తెరలను క్షణాల్లో మార్చడానికీ తాళ్లనూ కప్పీలనూ వాడుతూ వచ్చారు. ఈ సమాజాల్లో తాడు లాగేవారూ దాని కింద నటించేవారూ ఒకే కుటుంబంవారు కావడంతో, ముడి బిగువునూ తాడు అరుగుదలనూ కనిపెట్టి చూసే బాధ్యత ఏ కాగితం మీదా రాయకుండానే తరతరాలకూ అందింది.

1998లో సైబర్ టవర్స్, 2006లో హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రం ప్రారంభమయ్యాక ఈ ప్రాంతపు వేదికల స్వరూపమే మారిపోయింది. నడుమ స్తంభాలు లేని విశాలమైన హాళ్లలో దీపాల బరువు పైకప్పు నిర్మాణం మీదనో, నేలపై నిలిపిన టవర్ల మీదనో పడుతుంది కనుక, ఏ చోట ఎంత బరువు వేలాడదీయవచ్చో ముందే లెక్కగట్టవలసి వచ్చింది. అల్యూమినియం గొట్టాలను అడ్డుకమ్ములతో అతికి తయారుచేసే తేలికపాటి దూలాన్ని ట్రస్ అంటారు. దాన్ని నేలమీదనే జోడించి, దీపాలను క్లాంపులతో బిగించి, మోటారుతో నడిచే గొలుసు యంత్రమైన చెయిన్ హాయిస్టుతో పైకెత్తుతారు.

క్లాంపు వదులైనా దీపం కిందపడకుండా, దానితో సంబంధం లేని రెండో ఆధారంగా ఒక ఉక్కు తీగను దీపానికీ ట్రస్సుకూ చుట్టి కట్టడం ఈ వృత్తిలో ప్రధాన నియమం. తీగ పొడవుగా వేలాడితే దీపం కొంత దూరం పడి ఆగేటప్పుడు పుట్టే కుదుపు దాని అసలు బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది కాబట్టి, తీగను వీలైనంత పొట్టిగా ఉంచుతారు. ఒక్కరోజు కార్యక్రమానికి కట్టి, అది ముగియగానే విప్పే ఈ వేదికల్లో దీపం బిగించిన కార్మికుడికి దాని కింద ఎవరు నిలబడతారో తెలియదు. రెండో ఆధారం, రాతపూర్వక తనిఖీ, ట్రస్ ఎత్తేటప్పుడు కింద ఎవరూ ఉండరాదన్న కట్టుబాటు, ఈ మూడూ ఆ అపరిచయాన్ని పూడ్చడానికి అవసరమైనవే.

2024 జనవరిలో నగర శివారులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ రజతోత్సవం జరుగుతుండగా, పైనుంచి వేదికపైకి దించుతున్న పంజరం ఆధారం తెగి సంస్థ అధిపతి మరణించిన ఘటన, దీపాలకు సంబంధించినది కాకపోయినా, తలపైన వేలాడే ప్రతి బరువుకూ ఇదే సూత్రం వర్తిస్తుందని చాటింది. ఎల్ఈడీ దీపాల రాకతో వేడీ విద్యుత్ వాడకమూ తగ్గినా, వాటి పక్కన స్పీకర్ల వరుసలూ వీడియో తెరలూ చేరడం వల్ల ట్రస్సుల మీది భారం తీరలేదు. అందువల్ల కొత్త పరికరం ఏది చేరినా బరువు లెక్కను మొదటి నుంచి తిరిగి వేయక తప్పదు.