కందెన గొట్టం నుంచి సింథటిక్ డబ్బా దాకా

గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఎడ్లబండి ఇరుసుకు రాసేవాళ్లు. అదే కందెన. ఆ ఆముదమే మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకూ పోశారు. పెట్రోలులో తొందరగా కరగదు, కాగినా లోహాన్ని వదలదు. క్యాస్ట్రాల్ పేరులో ఉన్నది ఆ ఆముదమే. కానీ నిలవుంటే బంకలా గట్టిపడుతుంది. నెలల తరబడి ఒకే నూనెతో నడవాల్సిన కార్లకు ఖనిజ నూనే దిక్కయింది.

దానికీ ఓ జబ్బుంది. చలికి అందులోని మైనం పేరుకుంటుంది. 1911లో అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ చిక్కదనాన్ని బట్టి నూనెలను వర్గాలుగా విడదీసింది. ఆ వర్గాల అంకెల పక్కన తర్వాత వచ్చి చేరిన ‘డబ్ల్యూ’ అంటే వింటర్, చలికాలం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ రసాయనవేత్తలు చలికి పేరుకోని ఎస్టర్ల సింథటిక్ నూనెలు, అంటే కృత్రిమ నూనెలు, తయారుచేశారు. యుద్ధం ముగిశాక జెట్ ఇంజిన్లు వాటినే వాడుకున్నాయి. అక్కడి నుంచి కారు దాకా రావడానికి మరో పాతికేళ్లు పట్టింది: 1972లో ఆమ్సాయిల్, ఆ దశాబ్దం మధ్యలో మొబిల్ 1. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇంధనం ఆదా చేసే నూనె అంటే జనం చెవి ఒగ్గారు.

ఇక్కడో మలుపు చెప్పాలి. 1999లో అమెరికాలో ఒక ప్రకటనల వివాదం తేలాక, బాగా శుద్ధిచేసిన ఖనిజ నూనెకు కూడా సింథటిక్ అనే పేరు చెల్లింది. అందుకే డబ్బా మీద ఆ మాట ఒక్కటే చూసి కొనడం నాకు నచ్చదు.

మెకానిక్ డిప్‌స్టిక్ తీసి, చుక్క వేళ్ల మధ్య రుద్ది, ‘చిక్కగా ఉండాలండీ’ అంటాడు. అంబాసిడర్ కాలానికి ఆ మాట సబబే. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లలో నూనె దారులు సన్నం, వాల్వుల టైమింగ్‌ను మార్చేదీ నూనె ఒత్తిడే. 0డబ్ల్యూ-20 అడిగే బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు నూనె పైకి చేరడం ఆలస్యమవుతుంది. ‘మన ఎండలకు పల్చటిది ఆగుతుందా’ అని అడుగుతుంటారు. రెండో అంకె చెప్పే చిక్కదనాన్ని కొలిచేదే 100 డిగ్రీల దగ్గర. బెజవాడ ఎండ దాని ముందు ఎంత!

టర్బో పెట్రోలు బండ్లది వేరే గొడవ. తక్కువ వేగంలో గట్టిగా తొక్కితే ఇంధనం వేళకు ముందే అంటుకుని పిస్టన్ పగలొచ్చు. నూనెలోని కాల్షియం అందుకు తోడవుతుందని తేలాక 2018లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ నుంచి ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే నూనెల ప్రమాణాలు వచ్చాయి. అదే 2020 ఏప్రిల్‌లో మన దేశంలో బీఎస్6 కాలుష్య నిబంధనలు అమలై, డీజిల్ కార్ల పొగగొట్టాల్లో మసి ఫిల్టర్లు మామూలయ్యాయి. మసిని ఆ ఫిల్టరే కాల్చుకుంటుంది. నూనెలోని లోహాల రసాయనాలు మిగిల్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుంటుంది. ఆ బండ్లకు లో సాప్స్, అంటే బూడిద తక్కువ మిగిల్చే నూనె, అడిగి మరీ పోయించాలి.