సముద్రం లేని ఊరికి మస్కట్ రేవు

బెంగళూరు నుంచి పడమటి సముద్రానికి దారి వెంట సుమారు 350 కిలోమీటర్లు. నడుమ దట్టమైన కనుమలు. ఊరేమో 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. ఓడ అనే మాటకు ఇక్కడ చోటే లేదనిపిస్తుంది. అయినా రెండు వందల ఏళ్ల కిందట ఈ ఊరి లాయాల్లోని మేలైన గుర్రాలు, కోటలోని గంధకం, రాగి అరేబియా రేవుల మీదుగా వచ్చినవే. ఆ రేవుల్లో ముఖ్యమైనది మస్కట్. ఇవాళ తెలుగువాళ్లకు మస్కట్ అంటే బతుకుతెరువు కోసం విమానమెక్కి వెళ్లే ఊరు. ఆ రోజుల్లో బెంగళూరున్న మైసూరు రాజ్యానికి అది పడమటి ప్రపంచపు వాకిలి.

ఈ రాకపోకలకు మూలం గుర్రం. దక్షిణ దేశపు నేలా గాలీ యుద్ధాశ్వాల పెంపకానికి అంతగా కలిసిరావు. అందుకే విజయనగర రాజులు పారసీక తీరపు హొర్ముజ్ నుంచి వచ్చే గుర్రాలను భట్కల్, గోవా రేవుల్లో కొనేవారు. ఓడలో చచ్చిన గుర్రానికి కూడా తోక చూపిస్తే డబ్బు ముట్టేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అరబ్బు వర్తకుడు అంత దూరం ధైర్యంగా గుర్రాలను ఎక్కించడానికి ఆ హామీయే కారణం. ఒక్కో గుర్రానికి రోజుకు పాతిక ముప్పై లీటర్ల మంచినీళ్లు కావాలి. గాలి పడిపోయి ఓడ కదలకపోతే ముందు చచ్చేది గుర్రమే. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడ విజయనగరానికి సామంతుడు. ఊరు పుట్టుకే ఆ గుర్రాల కాలంలో జరిగింది.

1763లో మైసూరు పాలకుడు హైదర్ అలీ పడమటి కనుమల్లోని బిదనూరు రాజ్యాన్ని గెలిచాడు. దాంతో మంగళూరు రేవు మైసూరు చేతికొచ్చింది. ఇక్కణ్ణించి కథ మస్కట్ వైపు తిరుగుతుంది. నల్లటి రాతికొండల నడుమ ఇరుకైన సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఊరది. రేవుకు రెండు వైపులా జలాలీ, మిరానీ అనే రెండు కోటలు. 1507లో పోర్చుగీసువారు ఆ ఊరిని ఆక్రమించారు. 1650లో ఒమానీలు వారిని వెళ్లగొట్టి, తామే పెద్ద ఓడల దండు కట్టుకున్నారు. ఓడలకు కొదవ లేదు కానీ, ఆ కొండల్లో వరి పండదు. మంగళూరు బియ్యం వాళ్లకు తిండిగింజలు. బియ్యంతో పాటు మిరియాలు, ఏలకులు, గంధపు చెక్క వెళ్లేవి. ఈశాన్యపు గాలి వీచే చలికాలంలో ఓడలు అటు సాగేవి, గాలి మళ్లాక ఇటు తిరిగొచ్చేవి. వానాకాలపు ఉద్ధృతిలో జూన్, జూలై నెలల్లో పడమటి రేవులన్నీ మూసుకునే ఉండేవి. రేవును పారసీకంలో ‘బందర్’ అంటారు. మచిలీపట్నాన్ని బందరని పిలిచే తెలుగువాళ్లకు, మంగళూరు పాత రేవు పేటను ఇప్పటికీ బందర్ అనే అక్కడివాళ్లకు ఆ మాట వచ్చింది సముద్ర వర్తకుల నోటి నుంచే.

హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ మస్కట్ వర్తకాన్ని ప్రభుత్వ వ్యాపారంగా మార్చాడు. మస్కట్‌లో మైసూరు వర్తక కోఠీ వెలిసింది. దాన్ని చూసుకున్న మీర్ కాజిమ్‌కు టిప్పు రాసిన ఉత్తరాలు మిగిలాయి. వాటిని చదివితే ఆ రాజు ఆరాటం ఎంత విశాలమో తెలుస్తుంది: పట్టుపురుగుల గుడ్లు, వాటిని పెంచడం తెలిసిన మనుషులు, కుంకుమపువ్వు విత్తనాలు, ముత్యాల కోసం మునిగే ఈతగాళ్లు, అరబ్బు పద్ధతిలో ఓడలు కట్టే వడ్రంగులు. పట్టుపురుగుల కోసం ఆయన బెంగాలుకూ మనుషులను పంపాడు. బెంగళూరు పక్కన రామనగర పట్టుగూళ్ల మార్కెట్ నేడు నడుస్తున్నదంటే, ఆ వేట కూడా దాని వెనకున్న కారణాల్లో ఒకటి.

టిప్పు రాయబారమూ మస్కట్ మీదుగానే సాగింది. 1786 మార్చిలో గులాం అలీ ఖాన్ నాయకత్వంలో సుమారు 900 మంది రాయబారులు, సిపాయిలు, పనివాళ్లు కన్నడ తీరపు తదడి రేవు నుంచి నాలుగు ఓడల్లో తుర్కీ సుల్తాను ఉండే ఇస్తాంబుల్‌కు బయలుదేరారు. మస్కట్, బుషెహర్, బస్రాల్లో ఆగుతూ సాగారు. వారి వెంట ఉన్న ఖ్వాజా అబ్దుల్ ఖాదిర్ దినచర్య రాసి పెట్టాడు. తిరిగి ఇల్లు చేరినవాళ్లు కొద్దిమందే. ఓడ ప్రమాదాలూ రోగాలూ మిగతావాళ్లను మింగేశాయి.

1791 మార్చి 21న బెంగళూరు కోట ఆంగ్లేయ సేనాని కార్న్‌వాలిస్ చేతిలో పడింది. 1798లో మస్కట్ పాలకుడు ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకొని, టిప్పుకు మిత్రులైన ఫ్రెంచివారికి తలుపులు మూశాడు. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుంచి మస్కట్ పాలకుడికీ, టిప్పుకూ ఉత్తరాలు రాశాడు. ఎర్రసముద్రపు మోఖా రేవులోనే అవి ఆంగ్లేయులకు దొరికిపోయాయి. మే నాటికి టిప్పు లేడు, కన్నడ తీరం కంపెనీ వశమైంది. మైసూరు రాజ్యానికి సముద్రం మళ్లీ దక్కలేదు.

గుర్రాలు మాత్రం ఆగలేదు. 1809లో కంపెనీ సైన్యం బెంగళూరులో కంటోన్మెంట్ వేసింది. దొరలకు, రౌతులకు గుర్రాలు కావాలి. 1824లో పారసీక దేశంలోని షిరాజ్ నగరపు పదహారేళ్ల ఆగా అలీ అస్కర్ అన్నదమ్ములతో కలిసి సుమారు 200 గుర్రాలు తోలుకొచ్చి ఇక్కడ దిగాడు. ఆయన మైసూరు రాజు మూడో కృష్ణరాజ ఒడెయరుకు ఆప్తుడయ్యాడు, 1834 నుంచి మైసూరు కమిషనర్‌గా ఉన్న మార్క్ కబ్బన్‌కు స్నేహితుడయ్యాడు. వ్యాపారంలో వచ్చిన సొమ్ముతో కంటోన్మెంటులో బంగళాలు కట్టించాడు. 1891లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన మనవడు మీర్జా ఇస్మాయిల్ 1926 నుంచి 1941 వరకు మైసూరు దివాన్. తర్వాత 1946లో హైదరాబాద్ నిజాం దివానుగా తెలుగుదేశానికీ వచ్చాడు.

రిచ్‌మండ్ టౌన్‌లో ఆగా లాయాలున్న స్థలానికి అరబ్ లైన్స్ అని పేరు. ఆయన పారసీకుడే గాని, గుర్రాలు తెచ్చిన ప్రతివాడూ ఊరి నోట అరబ్బే. 1929లో ఆ స్థలంలో జాన్సన్ మార్కెట్ లేచింది. పక్కనే ఆయన వదిలిన ఆస్తితో 1909లో కట్టిన అస్కరీ మసీదు ఉంది. ఇన్‌ఫాంట్రీ రోడ్డు నుంచి కన్నింగ్‌హామ్ రోడ్డు వైపు వెళ్లే వీధికి ఇప్పటికీ అలీ అస్కర్ పేరే.