ఉమ్మడి గోడకు కొట్టిన మేకులు

రాజమండ్రిలో డీటీపీ పని చేసుకునే రోజుల్లో, 2005లో, ఓ పత్రికతో వచ్చిన సీడీలోంచి మొజిల్లా వారి ఈమెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ ఎక్కించుకున్నాను. 2004 డిసెంబర్ 7న దాని 1.0 వెర్షన్ విడుదలైంది. ఫోన్ లైను కలిపి, ఉత్తరాలన్నీ దింపుకుని, లైను కట్టేసి తీరిగ్గా చదువుకోవచ్చు. గంటల లెక్కన డబ్బు కట్టే కాలంలో అదే పెద్ద సుఖం.

అసలు రుచి మాత్రం దానికి తగిలించుకునే చిన్న చిన్న అదనపు ప్రోగ్రాములది, అంటే యాడాన్లది. ఫోల్డర్లను అక్షర క్రమంలో కాక మనకు తోచిన వరుసలో పెట్టేది ఒకటి. కట్టలకొద్దీ ఉత్తరాలను ఫైళ్లుగా బయటికి తీసిపెట్టేది ఇంకొకటి. రోజూ రాసే నాలుగు ముక్కల్నీ అడగ్గానే అతికించేది క్విక్‌టెక్స్ట్. మూడోవాడి కంట పడకుండా ఉత్తరానికి తాళం వేసేది ఎనిగ్‌మెయిల్. మొజిల్లావారిదే అయిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో మన తెలుగువాళ్లకు ‘పద్మ’ అనే యాడాన్ ఉండేది. అప్పట్లో ఈనాడు లాంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉండేవి, తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తర్వాత పత్రికలే యూనికోడ్‌కు మారాయి, దాని అవసరం తీరిపోయింది. అన్ని యాడాన్లకూ అంత ప్రశాంతమైన ముగింపు దొరకలేదు.

కిటుకంతా ఎక్స్‌యూఎల్‌లో ఉండేది. పలకడం మాత్రం ‘జూల్’ అని. అప్పట్లో థండర్‌బర్డ్ మెనూలు, బొత్తాలు, కిటికీలు అన్నీ దాంతో అల్లినవే. యాడాన్ రాసేవాడు తన ముక్కను నేరుగా ఆ అల్లికలోనే కలిపేయగలిగేవాడు. అడ్డు ఉండేది కాదు, అనుమతి అక్కర్లేకపోయేది. పాత పెంకుటిళ్లలో పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ ఉండేది చూడండి, దానికి మేకు కొట్టి మన పటం తగిలించుకున్నట్టు. వాళ్లు గోడ పడగొట్టిన రోజున పటం ఎక్కడుంటుంది?

మొదటి దెబ్బ గోడకు కాదు, ఇంటి నంబరుకు తగిలింది. ఫైర్‌ఫాక్స్ 2011లో ఆరు వారాలకో వెర్షన్ పద్ధతి ఎత్తుకుంది. దాని నంబర్లతో జత కలపడానికి థండర్‌బర్డ్ 3.1 నుంచి ఒక్కసారిగా 5కు దూకింది. 4 అనేదే లేదు. ప్రతి యాడాన్ లోపలా ‘ఫలానా వెర్షన్ దాకానే’ అని ఓ గీత ఉండేది. లోపల ఏమీ చెడకపోయినా, గీత దాటిందని యాడాన్లు ఆగిపోయేవి. దీనికి విరుగుడు నాకు నేర్పింది మా వీధి నెట్ సెంటర్ కుర్రాడు: “యాడాన్ ఎక్స్‌పీఐ ఫైలంటే జిప్ ఫైలే కదా గురువుగారూ.” పేరు చివర జిప్ అని మార్చి, విప్పి, ఆ గీత ఉండే ఇన్‌స్టాల్ డాట్ ఆర్‌డీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, నంబరు పెంచి, మళ్లీ మూట కట్టేయడమే. సగం యాడాన్లు లేచి కూర్చునేవి. దీన్ని దొంగ పని అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. 2012 మొదట్లో మొజిల్లావాళ్లే ఆ నంబరు పట్టింపు సడలించారు.

ఆ ఏడాది జూలైలోనే, థండర్‌బర్డ్‌లో ఇక కొత్త హంగుల మీద దృష్టి పెట్టబోమని మొజిల్లా ప్రకటించింది. 2017 నవంబర్ 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత యాడాన్లకు తలుపు మూసింది. ఇంజనీర్లు చెప్పిన కారణం ఇదీ: యాడాన్ ఎక్కడైనా చెయ్యి పెట్టగలిగితే దొంగవాడూ పెట్టగలడు, పైగా ఎవరి మేకు ఊడుతుందోనని లోపల ఏదీ కదిలించలేం. థండర్‌బర్డ్ నిలబడింది ఫైర్‌ఫాక్స్ పునాది మీదే. అందుకని 2020 జూలైలో వచ్చిన 78వ వెర్షన్‌తో దానికీ అదే గతి పట్టింది. యాడాన్లను మెయిల్‌ఎక్స్‌టెన్షన్లు అనే కొత్త పద్ధతిలో తిరిగి రాస్తేనే ప్రవేశం.

ఇంజనీర్ల వాదనలో తప్పు పట్టలేను. కానీ తిరిగి రాయాల్సింది ఎవరు? చాలావరకు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట ఉచితంగా రాసినవాళ్లు. కొందరు ఓపిక చేసుకున్నారు, కొందరు అక్కడితో దండం పెట్టేశారు. ఎనిగ్‌మెయిల్ పనిని థండర్‌బర్డే లోపలికి తీసుకుంది. అదీ తేలిగ్గా జరగలేదు. పాతది జీఎన్‌యూపీజీ అనే తాళాల ప్రోగ్రాం మీద నడిచేది, కొత్తది ఆర్‌ఎన్‌పీ అనే మరోదాని మీద. తాళంచెవులన్నీ ఇక్కడి నుంచి అక్కడికి మోసుకెళ్లాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా ‘ఎక్స్‌పెరిమెంట్’ పేరుతో గోడకు ఓ కన్నం ఉంచారు. దాని మీద బతికే యాడాన్లు పెద్ద వెర్షన్ వచ్చినప్పుడల్లా బిక్కుబిక్కుమంటూనే ఉంటాయి.

ఫోల్డర్ల వరుస సంగతి మొదట చెప్పాను కదా. 2025 జూలైలో వచ్చిన 140వ వెర్షన్‌లో అది థండర్‌బర్డ్‌లోనే చేరింది, ఏ యాడానూ అక్కర్లేదు. ‘రావలసిన ప్రూఫులు’ ఫోల్డర్‌ను పట్టుకుని లాగి, ‘బాకీలు’ కంటే పైన పెట్టాను.