ఐదు వాల్వుల బుష్ రేడియో: లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు లేదు?

ఇవాళ మనం చెప్పుకునేది బుష్ డీఏసీ 90ఏ గురించి. 1950లో ఇంగ్లండ్‌లో వచ్చిన రేడియో. బేకలైట్ డబ్బా, చిన్న సైజు, చూడ్డానికి భలే ముద్దుగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ అమ్ముతుంటారు. కొనగానే ప్లగ్ పెట్టేయాలనిపిస్తుంది. కానీ ఆగండి, ముందు ఈ కథ వినండి.

బుష్ కంపెనీ 1932లో మొదలైంది. లండన్‌లోని షెపర్డ్స్ బుష్ నుంచి ఆ పేరు వచ్చింది. యుద్ధం అయ్యాక 1946లో డీఏసీ 90 తెచ్చారు, దాని తర్వాతిదే మన 90ఏ.

అప్పట్లో ఇంగ్లండ్‌లో ఒక చిక్కుండేది. కొన్ని చోట్ల ఇళ్లకి ఏసీ కరెంటు, కొన్ని చోట్ల ఇంకా డీసీనే. ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ మీదే పనిచేస్తుంది. మరి ఇల్లు మారితే రేడియో కూడా మార్చాలా? అందుకని ట్రాన్స్‌ఫార్మరే తీసేశారు. సెట్టు బరువూ తగ్గింది, ఖర్చూ తగ్గింది.

మరి వాల్వులు వేడెక్కేదెలా? మన పెళ్లిపందిరి సీరియల్ బల్బులు చూశారు కదా, అదే పద్ధతి. ఐదు వాల్వుల హీటర్లూ ఒకే వరుసలో ఉంటాయి, అన్నిట్లోంచీ 100 మిల్లీఆంపియర్లే పోతుంది. యూసీహెచ్ 42కి 14 వోల్టులు, యూఎఫ్ 41కి 12.6, యూబీసీ 41కి 14, యూఎల్ 41కి 45, యూవై 41కి 31. కూడితే 116.6. అంటే 230 వోల్టుల్లో దాదాపు సగం మిగిలిపోతుంది. దాన్ని ఒక రెసిస్టర్ వేడిగా తగలేస్తుంది. ఒక్క హీటర్ తెగినా ఐదూ ఆరిపోతాయి.

వీటిలో నాకు బాగా నచ్చేది యూవై 41. కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ పేటెంట్ తీసుకున్న మొదటి వాల్వు చేసిన పనీ అదే. నీళ్ల పైపులో వాల్వులాగా అన్నమాట, అందుకే ఆ పేరు. ఏసీ ఇంట్లో ఇది కరెంటుని సరిచేస్తుంది. డీసీ ఇంట్లో ప్లగ్ తిరగేసి పెడితే తమాషాగా ఉంటుంది: వాల్వులన్నీ వెలుగుతాయి, సౌండ్ మాత్రం రాదు! ప్లగ్ తీసి తిప్పి పెడితే పాట మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ లేదంటే లోపలి ఇనప చాసిస్‌కీ గోడలోని కరెంటుకీ మధ్య అడ్డేమీ లేదు. రెండు పిన్నుల ప్లగ్ ఒకలా పెడితే చాసిస్‌కి న్యూట్రల్, ఇంకోలా పెడితే ఫేజ్! బేకలైట్ డబ్బా అందానికే కాదు, మనిషికీ కరెంటుకీ మధ్య ఉన్న గోడ అదే. నాబ్ ఊడిపోయి లోహపు కడ్డీ బయటపడ్డా, వెనక అట్ట లేకపోయినా ప్రాణం మీదికొస్తుంది. ఎర్త్ వైరు చాసిస్‌కి కలిపేస్తే సరిపోతుందని కొందరనుకుంటారు. అస్సలొద్దు, ఫేజ్ అటుంటే నేరుగా షార్ట్ సర్క్యూటే.

కాబట్టి కొంటే రిపేరు తెలిసినవాళ్లకి ఇవ్వండి, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టి చూడమనండి. యూఎల్ 41 గ్రిడ్‌కి వచ్చే పాత కాగితం కెపాసిటర్ కూడా మార్పించండి. అది లీకైతే ఆ వాల్వులో కరెంటు మరీ ఎక్కువైపోయి వాల్వు మాడిపోతుంది.