ఐదవ డౌన్: రెండు ఆటలు, రెండు నిర్ణయాలు

అమెరికన్ కళాశాలల ఫుట్‌బాల్‌లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవడానికి ఒక జట్టుకు డౌన్ అనే ప్రయత్నాలు నాలుగే లభిస్తాయి. ఆ లెక్క తప్పిన ఆటలలో రెండు చరిత్రలో నిలిచిపోయాయి. 1940 నవంబరు 16న డార్ట్‌మత్‌పై కార్నెల్ చివరి క్షణాల్లో సాధించిన 7–3 గెలుపు, రెఫరీ రెడ్ ఫ్రీసెల్ పొరపాటున అనుమతించిన ఐదవ ప్రయత్నం వల్ల దక్కిందని ఆట ఫిల్మును పరిశీలించినప్పుడు తేలగా, ఆయన తన తప్పును ఒప్పుకున్నాడు, కార్నెల్ విజయాన్ని వదులుకుంది, ఫలితం 3–0తో డార్ట్‌మత్ పరమైంది. 18 ఆటలుగా ఓటమి ఎరుగని జట్టు, ఏ నియమమూ నిర్బంధించకుండానే, ఆ పని చేయడం కళాశాల క్రీడలలో అత్యంత గౌరవనీయమైన ఘట్టాలలో ఒకటి.

1990 అక్టోబరు 6న మిస్సోరీతో తలపడిన కొలరాడో ఆ దారి పట్టలేదు. ఆట చివర్లో రెండవ ప్రయత్నం ముగిశాక కొలరాడో విరామం కోరినప్పుడు, డౌన్ సంఖ్యను చూపే పలకను సిబ్బంది మార్చలేదు. అందువల్ల క్వార్టర్‌బ్యాక్ చార్లెస్ జాన్సన్, అంటే దాడిని నడిపే ఆటగాడు, గడియారాన్ని ఆపడానికి బంతిని నేలకు కొట్టి, నిజానికి నాలుగవదైన ప్రయత్నాన్ని ఖర్చుచేశాడు. హక్కులేని ఐదవ ప్రయత్నంలో అతడు గోల్ గీత దాటాడని అధికారులు ప్రకటించగా కొలరాడో 33–31తో గెలిచింది. బిగ్ ఎయిట్ లీగ్ ఆ అధికారులను సస్పెండ్ చేసినా ఫలితం మారలేదు. మిస్సోరీకి జరిగిన అన్యాయం సరిదిద్దబడనే లేదు. ఆ సీజన్ చివర అసోసియేటెడ్ ప్రెస్ పోల్ కొలరాడోను జాతీయ విజేతగా నిలపగా, శిక్షకుల పోల్ జార్జియా టెక్‌ను ఎంచుకుంది.